పిండిని పులియబెట్టే ఈస్టు సిద్ధం. దానికి ఏ పిండి అందించాలి?

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని కేంద్ర ప్రభుత్వం మొదట 2030 సంవత్సరానికి నిర్దేశించుకొని, ఆ తరువాత 2025-26కు ముందుకు జరిపింది. ఇందుకు ఏటా 1,016 కోట్ల లీటర్ల ఇథనాల్ అవసరమవుతుందని నీతి ఆయోగ్ 2021 జూన్‌లో వెలువరించిన మార్గపత్రం అంచనా వేసింది. ఇంతటి పరిమాణం ఒక్క చెరకు నుండే లభించదు. అందువల్ల దశాబ్దాలుగా మొలాసిస్ చుట్టూ తిరిగిన ఈ పరిశ్రమ దృష్టి ధాన్యాల వైపు మళ్ళింది. 2023 జూలైలో భారత ఆహార సంస్థ ఇథనాల్ తయారీకి బియ్యం సరఫరాను నిలిపివేసిన పిమ్మట మొక్కజొన్నకు గిరాకీ మరింత పెరిగింది.

ఈ మలుపుతో, ఒకప్పుడు ప్రయోగశాలకే పరిమితమైన విషయం ఒకటి వ్యవసాయ విశ్వవిద్యాలయాల ముంగిటికి వచ్చింది. చక్కెరను మాత్రమే పులియబెట్టగల ఈస్టుకు పిండిని కూడా జీర్ణించుకొనే శక్తిని జన్యు మార్పిడి ద్వారా కల్పించడమే ఆ విషయం. సాంకేతికంగా ఇది చాలావరకు సాధించిన పనియే. అయితే ఈస్టును మార్చడం సూక్ష్మజీవ శాస్త్రవేత్తల పని కాగా, దానికి ఏ పిండి అందించాలన్నది పంట, నీరు, పశువు, రైతు ఆదాయం నాలుగింటినీ కలిపి చూడగలవారు నిర్ణయించవలసిన విషయం. తిరుపతి, చిత్తూరు జిల్లాలలో ఈ రెండవ ప్రశ్నకు సమాధానం దొరకకముందే మొదటి దాని విజయాన్ని చూపి రైతును కొత్త పంట వైపు నడిపించడం సమంజసం కాదు.

ఈస్టు నేర్చుకొన్న విద్య

శాకరోమైసెస్ సెరివిసియే అనే సాధారణ ఈస్టుకు గ్లూకోజ్ అందితే గంటలలో ఇథనాల్‌గా మారుస్తుంది. పిండి మాత్రం వేలకొలది గ్లూకోజ్ అణువులు గొలుసులుగా, కొమ్మలుగా పెనవేసుకొన్న పదార్థం. దానిని విడగొట్టే ఎంజైములను ఈ ఈస్టు తన చుట్టూ ఉన్న ద్రవంలోకి విడుదల చేయలేదు. అందుకే ధాన్యపు పిండిని నీటిలో కలిపి, ఆల్ఫా అమైలేజ్ చేర్చి, సుమారు 85 నుండి 105 డిగ్రీల వేడిలో ఉడికించి పలుచన చేస్తారు. తరువాత 60 డిగ్రీల దరిదాపులకు చల్లార్చి గ్లూకోఅమైలేజ్‌తో చక్కెరగా మారుస్తారు. చివరకు 32 డిగ్రీలకు తెచ్చి ఈస్టును కలుపుతారు. వేడి చేయడం, చల్లార్చడం, ఎంజైములు కొనడం అనే మూడు ఖర్చులూ ఈ క్రమంలోనే ఉన్నాయి.

ఈ ఖర్చులను తగ్గించే ప్రయత్నం నలభై ఏళ్ళనాటిది. ఆస్పర్‌జిల్లస్ జాతి బూజుకు చెందిన గ్లూకోఅమైలేజ్ జన్యువును ఈస్టులో పనిచేయించిన ఫలితాలు 1985లోనే వెలువడ్డాయి. తరువాత జపాన్‌లో ఈ ఎంజైమును ఈస్టు కణం పైపొరకే అతికించి నిలిపే పద్ధతి రూపొందింది. దక్షిణాఫ్రికాలోని స్టెలెన్‌బాష్ విశ్వవిద్యాలయంలో ఆల్ఫా అమైలేజ్, గ్లూకోఅమైలేజ్ రెండింటినీ ఒకే ఈస్టులో చేర్చి, ఉడికించని పిండిని నేరుగా పులియబెట్టే దిశగా సుదీర్ఘ కృషి జరిగింది. 2012లో గ్లూకోఅమైలేజ్‌ను స్వయంగా తయారుచేసుకొనే ఈస్టు 'ట్రాన్స్‌ఫర్మ్' పేరుతో అమెరికా మొక్కజొన్న ఇథనాల్ కర్మాగారాలకు వాణిజ్యపరంగా అందింది. బయట కొనవలసిన ఎంజైములో గణనీయమైన భాగం దానివల్ల ఆదా అవుతున్నది.

ఇక్కడ ఒక పరిమితిని విద్యార్థులు స్పష్టంగా గుర్తించాలి. 100 కిలోల పిండి నీటితో కలిసి విడిపోతే 111 కిలోల గ్లూకోజ్ వస్తుంది. దాని నుండి రాగల ఇథనాల్ గరిష్ఠంగా 56.7 కిలోలు, అంటే దాదాపు 72 లీటర్లు. మిగిలినది బొగ్గుపులుసు వాయువుగా పోతుంది. ఏ జన్యు మార్పిడీ ఈ హద్దును దాటించలేదు. గ్లిసరాల్ వంటి ఉపఉత్పత్తులను తగ్గించి ఆచరణలో వచ్చే దిగుబడిని హద్దుకు కొంత చేరువ చేయగలదు, ఎంజైము ఖర్చును తగ్గించగలదు, అంతే. ఒక టన్ను మొక్కజొన్న నుండి ఇప్పుడు సుమారు 380 లీటర్ల ఇథనాల్ వస్తున్నది. ఈస్టు ఎంత మెరుగైనా ఈ అంకె రెట్టింపు కాదు. కాబట్టి 'కొత్త ఈస్టు వచ్చింది, ఇక ధాన్యానికి ఎంత ధరైనా ఇవ్వగలం' అనే మాట ఎవరి నోట వచ్చినా విస్తరణ శాస్త్రవేత్త ఈ లెక్కను ముందుంచాలి.

తెలుగు నేలపై జరిగిన కృషి

ఈ రంగంలో తెలుగు విశ్వవిద్యాలయాల కృషి తక్కువదేమీ కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎల్. వెంకటేశ్వరరావు బృందం కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం పరిసరాల మట్టి నుండి వేడిని తట్టుకొనే ఈస్టు రకాలను వేరుచేసింది. 42 డిగ్రీల వద్ద కూడా అవి ఇథనాల్‌ను ఉత్పత్తి చేయగలవని 1999లో ప్రచురించిన పరిశోధన చూపింది. అదే ఏడాది, ఆహారానికి పనికిరాని దెబ్బతిన్న జొన్న, వరి గింజలను శర్కరీకరణం, కిణ్వనం ఒకేసారి జరిగే పద్ధతిలో ఇథనాల్‌గా మార్చిన ఫలితాలను కూడా ఆ బృందం వెలువరించింది.

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎల్.వి.ఎ. రెడ్డి, ఓ.వి.ఎస్. రెడ్డి మరొక మార్గం పట్టారు. చక్కెర సాంద్రత అత్యధికంగా ఉన్న ద్రవంలో ఈస్టు తొందరగా అలసిపోతుంది. అటువంటి ద్రవానికి కొద్దిపాటి ఉలవపిండి చేర్చినప్పుడు ఇథనాల్ ఉత్పత్తి మెరుగుపడిందని 2005లో, రాగిపిండి చేర్చినప్పుడు కిణ్వనం త్వరితమై దిగుబడి పెరిగిందని 2006లో వారు ప్రచురించారు. ఉలవలు, రాగులు రాయలసీమ మెట్టపొలాలలో తరతరాలుగా పండుతున్నవే. ఈ పరిశోధనలో అవి ఇంధనానికి ముడిసరుకుగా కాక, ఈస్టుకు బలాన్నిచ్చే ఆహారంగా కొద్ది మోతాదులో ఉపయోగపడ్డాయి. రాగిని టన్నులకొద్దీ డిస్టిలరీకి తరలించడం కన్నా ఇది ఎంతో వివేకవంతమైన వినియోగం.

ఈ రెండు ధోరణులలో ఒక సామ్యం ఉన్నది. రెండూ స్థానిక పరిస్థితి నుండి బయలుదేరాయి. వేసవిలో 40 డిగ్రీలు దాటే తిరుపతిలో కిణ్వన తొట్టిని 32 డిగ్రీల వద్ద నిలపడానికి నీరు, విద్యుత్తు రెండూ ఖర్చవుతాయి. చలిదేశాల కర్మాగారాలకై రూపొందిన ఈస్టు ఇక్కడ అదే ఫలితాన్ని ఇస్తుందని ముందుగా అనుకోరాదు. పిండిని విడగొట్టే జన్యువులను వేడిని తట్టుకొనే దేశీయ ఈస్టులో చేర్చగలిగితే, ఎంజైము చురుకుగా పనిచేసే ఉష్ణోగ్రతకు, ఈస్టు బ్రతికే ఉష్ణోగ్రతకు నడుమ ఉన్న అంతరం కూడా కొంత తగ్గుతుంది. దక్షిణ రాయలసీమకు తగిన పరిశోధనాంశం ఇదే.

బోరు నీటితో ఇంధనమా?

ముడిసరుకు విషయంలో మొదట వినిపించే పేరు మొక్కజొన్న. దాని పక్షాన చెప్పదగినవి ఉన్నాయి. చెరకు ఏడాదిపాటు పొలంలో ఉంటే మొక్కజొన్న నాలుగు నెలలలోపే చేతికి వస్తుంది. కోళ్ళ దాణాకు తోడు ఇథనాల్ గిరాకీ చేరితే ధర మరీ పడిపోకుండా ఒక ఆధారం దొరుకుతుంది. ఈ వాదనను తోసిపుచ్చనక్కరలేదు.

అయితే ఈ ప్రాంతంలో రబీ మొక్కజొన్న అంటే అధికభాగం బోరు నీటి పంటే. ఒక హెక్టారుకు 500 మిల్లీమీటర్ల నీరు పట్టిందనుకొంటే అది 50 లక్షల లీటర్లు. హెక్టారుకు 6 టన్నుల దిగుబడి వచ్చిందనుకొన్నా 2,280 లీటర్ల ఇథనాల్ వస్తుంది. అంటే ఒక లీటరు ఇథనాల్ వెనుక దాదాపు 2,200 లీటర్ల నీరు ఉన్నది. చెరకు విషయంలో ఈ అంకె సుమారు 2,860 లీటర్లని నీతి ఆయోగ్ మార్గపత్రమే పేర్కొన్నది. చెరకు కన్నా మొక్కజొన్న మెరుగే కాని, బోరు ఎండిన రైతు మరొక బోరు కోసం అప్పుచేసే ప్రాంతంలో ఆ తేడా ఊరటనిచ్చేంతటిది కాదు. వర్షాధారంగా పండే ఖరీఫ్ మొక్కజొన్నను, బోరు కింది రబీ మొక్కజొన్నను ఒకే గాటన కట్టి 'ఇథనాల్ పంట' అని ప్రచారం చేయడం శాస్త్రీయం కాదు.

రాగి సంగతి వేరు. అందులోనూ పిండి పుష్కలంగా ఉన్నది. కాని పెరుమాళ్ళపల్లె వ్యవసాయ పరిశోధనా స్థానంలో ఏళ్ళ తరబడి మెరుగైన రాగి రకాలను రూపొందించినది సంగటి ముద్ద కోసం, పశువులకు గడ్డి కోసం. కాల్షియం సమృద్ధిగా గల ఆహారధాన్యాన్ని ఇంధనంగా మార్చడానికి ఇథనాల్ ధర ఎంత ఉన్నా సమర్థన దొరకదు.

చెరకు అనుభవం కూడా ఇక్కడ గుర్తుంచుకోదగినది. చిత్తూరులోను, రేణిగుంట సమీపాన గాజులమండ్యంలోను సహకార చక్కెర కర్మాగారాలు మూతపడిన తరువాత ఆ పరిసరాల చెరకు రైతుకు బెల్లం గానుగో, దూరపు ప్రైవేటు కర్మాగారమో గతి అయింది. ఒకే కొనుగోలుదారును నమ్ముకొని పంటల సరళిని మార్చుకొన్నవారికి ఆ కొనుగోలుదారు తలుపులు మూసినప్పుడు ఏమవుతుందో ఈ జిల్లాలకు వేరుగా చెప్పనక్కరలేదు. ఇథనాల్ విధానం సైతం స్థిరమైనది కాదు. బియ్యం సరఫరా ఒక్క ఉత్తర్వుతో ఆగింది. 2023 డిసెంబరులో చెరకు రసం నుండి ఇథనాల్ తయారీపై కూడా ఆంక్షలు వచ్చాయి. అటువంటి మార్పు మొక్కజొన్నకు రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

టెంకలోని పిండి

ఈ జిల్లాలలో ఎవరూ ప్రత్యేకంగా నీరు పెట్టి పెంచనక్కరలేని పిండి ఒకటి ఉన్నది. అది మామిడి టెంకలోని జీడి. తోతాపురి గుజ్జు పరిశ్రమకు చిత్తూరు ప్రాంతం దేశంలోనే ప్రధాన కేంద్రం. జూన్, జూలై నెలలలో కర్మాగారాల వెలుపల తొక్క, టెంక గుట్టలుగా పేరుకొని, కుళ్ళి, ఈగలకు నిలయమవుతాయి. ఎండిన జీడిలో దాదాపు సగం పిండే. దానితోపాటు కోకో వెన్నకు ప్రత్యామ్నాయంగా పనికివచ్చే కొవ్వు కూడా ఉంటుంది.

లెక్క వేసి చూస్తే, సగం పిండి గల ఒక టన్ను ఎండిన జీడి నుండి సిద్ధాంతరీత్యా 359 లీటర్లు, 85 శాతం సామర్థ్యంతో 305 లీటర్ల ఇథనాల్ రావాలి. ఇది వినసొంపుగానే ఉన్నది. కాని టన్ను ఎండిన జీడికి ఎన్ని కాయలు కావాలి? కాయ బరువులో టెంక 12 శాతం, టెంకలో సగం జీడి, జీడిలో 45 శాతం తేమ అనుకొంటే, ఒక టన్ను కాయల నుండి మిగిలేది 33 కిలోల ఎండిన జీడి మాత్రమే. అంటే టన్ను కాయలకు సుమారు 10 లీటర్ల ఇథనాల్. లీటరు ధర 60 రూపాయలనుకొంటే టన్ను కాయలకు 600 రూపాయలు, కిలోకు 60 పైసలు. అదీ ఖర్చులు తీయకముందు.

2025 సీజనులో తోతాపురి ధర పతనమైనప్పుడు కర్మాగారాలు కిలోకు 8 రూపాయలు చెల్లించాలని, రాష్ట్ర ప్రభుత్వం మరో 4 రూపాయలు కలపాలని నిర్ణయించవలసి వచ్చింది. ఆ సంక్షోభాన్ని జీడి ఇథనాల్ తీర్చగలదని చెప్పడం అతిశయోక్తి. అయినా పారవేయడానికే ఖర్చుపెడుతున్న పదార్థం నుండి మొదట కొవ్వు, తరువాత ఇథనాల్, చివరకు ఎరువు తీయగలిగితే ఆ కొద్దిపాటి విలువ కూడా విలువే. అంతేకాక రైతు అమ్మినది గుజ్జును మాత్రమే కాదు, టెంకతో సహా కాయను. టెంకకు విలువ ఏర్పడిన రోజున ఆ విలువలో అతనికి వాటా ఉండాలన్న మాటను కర్మాగారాలు యంత్రాలు బిగించకముందే ఒప్పందంలోకి తేవాలి. తరువాత అడిగితే దక్కదు.

జీడితో సాంకేతిక చిక్కులూ ఉన్నాయి. దానిలోని టానిన్లు ఎంజైములను అడ్డుకొంటాయి. నీటిలో నానబెట్టి తొలగించవలసి ఉంటుంది. తడి జీడి రోజులలోనే బూజు పడుతుంది, వెంటనే ఎండబెట్టాలి. రెండు నెలల సీజనుతో కర్మాగారం ఏడాది పొడవునా నడవదు. మిగిలిన కాలానికి దెబ్బతిన్న ధాన్యం, నూకలు వంటివి తోడు కావాలి. 2018 జాతీయ జీవ ఇంధన విధానం ఆహారానికి పనికిరాని ధాన్యాన్ని ఇందుకు అనుమతిస్తున్నది. జన్యు మార్పిడి చేసిన ఈస్టు నిజంగా రాణించవలసినది ఇక్కడే. టానిన్లను, వేడిని తట్టుకొంటూ, ఈరోజు జీడి, రేపు నూక ఏది వచ్చినా జీర్ణించుకొనే ఈస్టు కావాలి. ఒకే నాణ్యత గల మొక్కజొన్నతో నిరంతరం నడిచే భారీ కర్మాగారానికి ఎంజైము కొనడం పెద్ద భారం కాకపోవచ్చు. చిన్న యూనిట్లకు మాత్రం ఎంజైమును తానే తయారుచేసుకొనే ఈస్టు పెద్ద ఊరట.

మిగిలినది ఎవరి గాటికి చేరుతుంది?

దెబ్బతిన్న ధాన్యం వాడకాన్ని సమర్థించేవారు ఒక ప్రమాదాన్ని కూడా అంతే స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. తడిసి బూజుపట్టిన గింజలలో అఫ్లాటాక్సిన్ ఉండవచ్చు. కిణ్వనంలో అది నశించదు. స్వేదనంలో ఇథనాల్‌తో పాటు బయటకు పోదు. మూడింట రెండు వంతుల మేర ఉన్న పిండి ఇథనాల్‌గా, వాయువుగా వెళ్ళిపోగా, మిగిలిన మూడవ వంతు పదార్థంలో ఆ విషం దాదాపు మూడు రెట్లు చిక్కబడుతుంది. కిలో ధాన్యంలో 20 మైక్రోగ్రాములు ఉంటే అవశేషంలో 60 వరకు చేరుతుంది.

ఆ అవశేషమే డీడీజీఎస్ పేరుతో, మాంసకృత్తులు అధికంగా గల చవక దాణాగా బజారుకు వస్తున్నది. పాడి ఆవు దానిని తింటే అఫ్లాటాక్సిన్ ఎం1 రూపంలో పాలలోకి ప్రవేశిస్తుంది. పాలలో ఇది కిలోకు 0.5 మైక్రోగ్రాములను మించరాదని దేశంలోని ఆహార భద్రతా ప్రమాణం. వాన రాని ఏడు కూడా చిత్తూరు రైతు ఇంట పొయ్యి వెలిగేది పాల డబ్బుతోనే. వేరుశనగ చెక్కలో అఫ్లాటాక్సిన్ గురించి దశాబ్దాలుగా హెచ్చరిస్తున్న ప్రాంతంలో, అదే విషం మరొక పేరుగల దాణాతో గాటిలోకి చేరితే ఆ వైఫల్యం ఈస్టుది కాదు, పరీక్ష చేయకుండా సిఫారసు చేసినవారిది.

జన్యు మార్పిడి ఈస్టు వాడినప్పుడు దాని మృతకణాలు కూడా ఈ అవశేషంలోనే ఉంటాయి. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో వెలువడిన నిబంధనలు ఇటువంటి సూక్ష్మజీవుల తయారీకి, వినియోగానికి ముందస్తు అనుమతిని తప్పనిసరి చేశాయి. దీనిని అడ్డంకిగా కాక, రైతుకు ధైర్యంగా సమాధానం చెప్పడానికి ఆధారంగా చూడాలి.

చేయవలసిన పని

తిరుపతి నగరానికి ఒక అరుదైన అనుకూలత ఉన్నది. కిణ్వనంపై అనుభవం గల శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, పశుదాణాను పరీక్షించగల శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, 1961 నుండి పంటలపై బోధన సాగిస్తున్న శ్రీ వేంకటేశ్వర వ్యవసాయ కళాశాల, ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం ఒకే ఊరిలో ఉన్నాయి. ఇవి వేర్వేరుగా వ్యాసాలు ప్రచురించడం కన్నా ఒకే పథకం కింద మూడు పనులు చేపట్టడం అవసరం.

మొదటిది, రెండు జిల్లాలలో వ్యర్థంగా పోతున్న పిండిని లెక్కించడం. ఏ గుజ్జు కర్మాగారంలో ఎంత జీడి, ఏ గోదాములో ఎంత దెబ్బతిన్న ధాన్యం ఏ నెలలో లభిస్తుందో తెలియకుండా యూనిట్ల స్థాపన గురించి మాట్లాడడం నిరర్థకం. రెండవది, వేడిని తట్టుకొనే దేశీయ ఈస్టుకు పిండిని విడగొట్టే శక్తిని చేర్చి, శుద్ధమైన స్టార్చ్‌పై కాక జీడిపిండి, నూకలపైనే పరీక్షించడం. మూడవది, అఫ్లాటాక్సిన్ పరీక్ష ఫలితం లేని డీడీజీఎస్‌ను సిఫారసు చేయరాదన్న నియమాన్ని ఏరువాక కేంద్రాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు ఇప్పటినుండే పాటించడం.

విద్యార్థుల పరిశోధనాంశాల ఎంపికలో కూడా ఈ దృష్టి రావాలి. పిండి శాతం ఎక్కువగా ఉన్న మొక్కజొన్న సంకరాన్ని గుర్తించడంతో ఆగక, లీటరు ఇథనాల్‌కు ఎంత నీరు, ఎంత నత్రజని పట్టిందో కూడా అదే సిద్ధాంత గ్రంథంలో లెక్కకట్టాలి. హెక్టారు దిగుబడి పట్టిక పక్కన నీటి పట్టిక లేని సిఫారసు దక్షిణ రాయలసీమలో అసంపూర్ణమే.

రైతు 'ఇథనాల్ కోసం మొక్కజొన్న వేయమంటారా?' అని అడిగినప్పుడు విస్తరణ శాస్త్రవేత్త చెప్పవలసిన సమాధానం అవును, కాదు అన్న ఒక్క మాట కారాదు. బోరు ఎన్ని అడుగుల లోతున ఉన్నది, కొనేవారు ఒకరా, పలువురా, ధర రాతపూర్వకంగా ఉన్నదా, తిరిగివచ్చే దాణాకు పరీక్ష జరిగిందా అన్న నాలుగు ప్రశ్నలు ముందు అడగాలి. వాటికి సరైన జవాబు లేనంతవరకు కొత్త పంటను సూచించక, పారవేస్తున్న పిండి నుండే ఈ ప్రయత్నాన్ని ఆరంభించడం ఉత్తమం.